పాఠకుల సందేహాలు: చాట్ సర్వర్‌ని పలకరించే స్క్రిప్టులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ విశాఖపట్నం నుంచే వచ్చాయి, దాదాపు అన్నీ ఎన్‌మ్యాప్ అనే నెట్‌వర్క్ స్కానర్ స్క్రిప్టుల గురించే. ల్యాబుల్లోనో ఆఫీసుల్లోనో సొంత చాట్ సర్వర్ పెట్టుకున్నవాళ్లు, అది బయటివాళ్లకు ఏమేం చెబుతోందో తెలుసుకోవాలనుకుంటున్నారు. మంచి ఆలోచన. కమాండ్లను, గుర్తులను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలు వాడండి.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబులో ఐఆర్‌సి చాట్ సర్వర్ పెట్టాం. దాని వెర్షన్, ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఛానెళ్లున్నాయి అనేవి తీసుకొచ్చే ఎన్‌మ్యాప్ స్క్రిప్టు నేనే రాయాలనుకుంటున్నాను. లువా భాష కొంచెం వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఇంజినీరింగ్ విద్యార్థిని, మధురవాడ

జవాబు: స్క్రిప్టుతో కాదు, చేత్తో మొదలుపెట్టండి. ఐఆర్‌సి 1988లో ఫిన్లాండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1993లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 1459 అనే పత్రం దాని నియమాలను రాసిపెట్టింది. సర్వర్, క్లయింటు మాట్లాడుకునేదంతా మామూలు అక్షరాలే. ఒక్కో సందేశం ఒక్కో లైను. చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ అనే రెండు బైట్లు ఉంటాయి, వాటితో కలిపి లైను 512 బైట్లు దాటకూడదు. అందుకే ఏ స్క్రిప్టూ లేకుండా నెట్‌క్యాట్ అనే చిన్న కమాండ్‌తోనే సర్వర్‌తో మాట్లాడొచ్చు. ఉబుంటులో ఎన్‌సి అని కొట్టి, మైనస్ పెద్ద సి ఆప్షన్ ఇచ్చి (లైను చివర ఆ రెండు బైట్లనూ అదే చేరుస్తుంది), సర్వర్ చిరునామా, 6667 పోర్టు ఇవ్వండి. కనెక్ట్ కాగానే రెండు లైన్లు పంపాలి. మొదటిది నిక్, దాని పక్కన మారుపేరు. రెండోది యూజర్, దాని తర్వాత నాలుగు ముక్కలు: లాగిన్ పేరు, సున్నా, నక్షత్రం గుర్తు, చివరగా ముందు కోలన్ పెట్టిన పూర్తి పేరు. మారుపేరు అక్షరంతోనే మొదలవ్వాలి, అంకెతో మొదలైతే సర్వర్ తిప్పికొడుతుంది. పాత నియమం ప్రకారం 9 అక్షరాల లోపు ఉంచితే ఎక్కడైనా చెల్లుతుంది.

ఆ రెండు లైన్లకే సర్వర్ తన జాతకమంతా విప్పుతుంది. ప్రతి జవాబుకూ మూడంకెల సంఖ్య ఉంటుంది. 001 స్వాగతం. 003లో సర్వర్‌ను ఎప్పుడు తయారుచేశారో ఉంటుంది. మీకు అన్నిటికన్నా పనికొచ్చేది 004: సర్వర్ పేరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ వరసగా విడివిడి మాటల్లో వస్తాయి. 005లో నెట్‌వర్క్ పేరు, మారుపేరు ఎంత పొడవు ఉండొచ్చు లాంటి పరిమితులు ఉంటాయి. 251లో సభ్యుల లెక్క, 252లో ఆపరేటర్ల లెక్క, 254లో ఛానెళ్ల లెక్క. స్వాగత పత్రం అయిపోయిందనడానికి 376, అసలు అలాంటి పత్రమే లేదనడానికి 422. మీ స్క్రిప్టు చేయాల్సిన పనల్లా, ఆ రెంటిలో ఏదో ఒకటి వచ్చేదాకా ఓపిగ్గా విని, క్విట్ చెప్పి బయటికి రావడమే. అదనంగా ఏమీ అడగకుండానే ఇంత దొరుకుతోందన్న సంగతి మనసులో ఉంచుకుంటే స్క్రిప్టు చిన్నదిగా, సర్వర్‌కు బరువు కానిదిగా తయారవుతుంది.

ఇక స్క్రిప్టు. పైన వివరణ, రచయిత, లైసెన్సు, వర్గాలు రాయండి. ఇలాంటి స్క్రిప్టుకు డిస్కవరీ, సేఫ్ అన్న రెండు వర్గాలు చాలు. షార్ట్‌పోర్ట్, ఎస్‌టిడిఎన్‌ఎస్‌ఇ లైబ్రరీలను పిలవండి. ఏ పోర్టు మీద నడవాలో చెప్పే పోర్ట్‌రూల్‌లో 6667, 6697 సంఖ్యలు, ఐఆర్‌సి అనే సర్వీసు పేరు ఇవ్వండి. యాక్షన్ ఫంక్షన్‌లో కొత్త సాకెట్ తెరిచి, టైమవుట్ పెట్టి, కనెక్ట్ చేసి, నిక్, యూజర్ లైన్లు రెంటినీ ఒకేసారి పంపండి. తర్వాత లూప్‌లో ఒక్కో లైను చదవండి. లైను పింగ్ అని మొదలైతే, దానితో వచ్చిన మాటనే పాంగ్‌తో తిరిగి పంపాలి. 433 వస్తే ఆ మారుపేరు అప్పటికే వేరొకరిదని అర్థం, ఇంకోటి పంపాలి. ఎర్రర్ అని మొదలైతే ఆ వాక్యాన్ని దాచుకుని లూప్ ఆపెయ్యాలి. ఫలితాలను అవుట్‌పుట్ టేబుల్‌లో పెట్టి తిరిగివ్వండి. మామూలు లువా టేబుల్ ఇస్తే వరస తారుమారవుతుంది, అవుట్‌పుట్ టేబుల్ మీరు పెట్టిన వరసనే ఉంచుతుంది. ఎక్స్‌ఎంఎల్ ఫైలులోనూ విడివిడి గడులుగా వస్తుంది.

లెక్కల దగ్గర రెండు పొరపాట్లు చేస్తుంటారు. 251లో మామూలు సభ్యుల సంఖ్య, కనబడకుండా ఉన్నవారి సంఖ్య విడిగా ఉంటాయి. చాలా సర్వర్లు లోపలికి రాగానే సభ్యుణ్ని కనబడని స్థితిలో పెడతాయి కాబట్టి రెండూ కూడాలి. ఆ మొత్తంలో మీ స్క్రిప్టు కూడా ఒక సభ్యుడే, అందుకని ఒకటి తీసెయ్యండి.

ఎన్‌మ్యాప్‌తో పాటే ఐఆర్‌సి-ఇన్ఫో అనే స్క్రిప్టు వస్తుంది. యూఎస్ఆర్, షేర్, ఎన్‌మ్యాప్, స్క్రిప్ట్స్ అన్న ఫోల్డర్ల వరసలో వెళ్తే దొరుకుతుంది. మీది రాశాక దాన్ని తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. ముందే చూస్తే మీరు రాసేది దాని నకలవుతుంది.

ప్రశ్న: నేను రాసిన స్క్రిప్టు ఎన్‌జిఐఆర్‌సిడి అనే ఐఆర్‌సి సర్వర్ మీద బాగానే నడుస్తోంది. అదే ల్యాబులో అన్‌రియల్ ఐఆర్‌సిడి పెట్టిన మెషీన్ మీద నడిపితే ఏమీ రావడం లేదు. తప్పు కూడా చూపించడం లేదు. 5 సెకన్ల టైమవుట్ పెట్టాను.
— డిప్లొమా విద్యార్థి, గాజువాక

జవాబు: ముందు కళ్లతో చూడండి. ఎన్‌మ్యాప్ కమాండ్‌కు రెండు హైఫన్లతో స్క్రిప్ట్-ట్రేస్ అని చేరిస్తే, సాకెట్ మీద అటూ ఇటూ వెళ్లిన ప్రతి బైటూ తెరమీద కనబడుతుంది. మీరు చెప్పిన లక్షణాలకు మూడు కారణాలు ఉండొచ్చు. ఒక్కోసారి మూడూ కలిసే వస్తాయి.

మొదటిది పింగ్. అన్‌రియల్ ఐఆర్‌సిడి స్వాగతం చెప్పకముందే ఒక పింగ్ పంపి, అందులో ఊహించలేని ఒక మాట పెడుతుంది. దొంగ చిరునామాతో వచ్చేవాళ్లను ఆపడానికి ఆ ఏర్పాటు. ఆ మాట తిరిగి అందేదాకా 001 రాదు. మీ స్క్రిప్టు 001 వచ్చాకే పింగ్‌ల సంగతి చూస్తుంటే ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఎన్‌జిఐఆర్‌సిడిలో ఆ అడ్డంకి మామూలుగా ఉండదు గనకే అక్కడ నడిచింది. పింగ్ పరీక్ష లూప్‌లో అన్నిటికన్నా ముందు ఉండాలి. కోలన్‌తో సహా వచ్చిన మాటను యథాతథంగా తిప్పి పంపండి.

రెండోది ఐడెంట్. కొన్ని సర్వర్లు మీరు కనెక్ట్ కాగానే వెనక్కి మీ మెషీన్ 113వ పోర్టుకు వచ్చి, ఈ కనెక్షన్ ఎవరిదని అడుగుతాయి. మీ ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ మామూలుగా పెట్టే డినై నియమం ఆ ప్యాకెట్‌ను నోరెత్తకుండా పారేస్తుంది. జవాబు రాలేదు కాబట్టి సర్వర్ తన గడువు తీరేదాకా ఆగుతుంది. మీ 5 సెకన్లు ఈలోపే అయిపోతాయి. మెషీన్ మీ సొంతమైతే 113 టీసీపీకి రిజెక్ట్ నియమం పెట్టండి. లేదు అన్న జవాబు వెంటనే వెళ్తుంది, సర్వర్ ముందుకు కదులుతుంది. స్క్రిప్టులో టైమవుట్ 30,000 చేయండి, ఎందుకంటే ఇక్కడి లెక్క మిల్లీసెకన్లలో. ఇంకో సంగతి: ఆ గడువు ఒక్కో రీడ్‌కు విడిగా వర్తిస్తుంది, స్క్రిప్టు మొత్తానికి కాదు. 20 సెకన్లకు ఒక లైను చొప్పున ఇచ్చే సర్వర్ దగ్గర మీ లూప్ తెగదు. మొదట్లో గడియారం సమయం దాచుకుని, నిమిషం దాటితే లూప్ ఆపేలా రాయండి. లేకపోతే స్క్రిప్ట్-టైమవుట్ ఆప్షన్ వాడండి.

మూడోది కంటికి కనబడని తప్పు. రిసీవ్-లైన్స్‌కు 1 ఇస్తే ఒక లైనే వస్తుందనుకుంటాం. అది కనీసం ఒక లైను ఇస్తానంటుందే తప్ప ఒక్కటే ఇస్తాననదు. ఒకే ప్యాకెట్‌లో నాలుగు లైన్లు, ఐదోదాని సగం ముక్క వచ్చిపడొచ్చు. మీ ప్యాటర్న్ మొదటి లైనునే చూస్తే మిగతా మూడూ పోయినట్టే. ఆ మూడింట్లో పింగ్ ఉంటే ఇక చెప్పేదేముంది! రిసీవ్-బఫ్ వాడి, లైను చివరి గుర్తును విభజనగా ఇవ్వండి. అది సరిగ్గా ఒక్కో లైనే ఇస్తుంది, మిగిలింది తన దగ్గర దాచి తర్వాతి పిలుపుకు అందిస్తుంది. ఒకే సాకెట్ మీద రిసీవ్-బఫ్‌నూ రిసీవ్-లైన్స్‌నూ కలిపి వాడకండి, దాచిన ముక్కల లెక్క తప్పుతుంది.

తప్పు చూపించకపోవడం గురించి: యాక్షన్ నిల్ తిరిగిస్తే ఎన్‌మ్యాప్ ఏమీ అచ్చువేయదు. కనెక్ట్, సెండ్, రీడ్ మూడూ విఫలమైతే మొదటి విలువగా ఫాల్స్, రెండో విలువగా కారణం ఇస్తాయి. ఆ కారణాన్ని డీబగ్ సందేశంగా రాయండి. మైనస్ డి ఇచ్చి నడిపినప్పుడు కనబడుతుంది.

ప్రశ్న: మా సర్వర్ 7000 పోర్టు మీద ఉంది. స్క్రిప్టు అసలు మొదలే కావడం లేదు. పోర్టు తెరిచే ఉందని మాత్రం చూపిస్తోంది.
— సిస్టమ్ అడ్మిన్, ఎంవీపీ కాలనీ

జవాబు: పోర్ట్‌రూల్ ఒప్పుకోలేదు. మైనస్ ఎస్ పెద్ద వి ఇవ్వకపోతే ఎన్‌మ్యాప్ పోర్టు సంఖ్యను బట్టి తన పట్టికలో ఉన్న పేరే చెబుతుంది, లోపల ఏముందో చూడదు. ఆ ఆప్షన్ ఇస్తే పలకరించి, ఐఆర్‌సి అని గుర్తుపడుతుంది, అప్పుడు సర్వీసు పేరు ప్రకారం రూల్ ఒప్పుకుంటుంది. తొందరగా పరీక్షించాలంటే స్క్రిప్టు పేరుకు ముందు ప్లస్ గుర్తు పెట్టండి, రూల్‌తో పనిలేకుండా నడుస్తుంది. ప్లస్‌ను ఒక్క మెషీన్, ఒక్క పోర్టు మీదే వాడండి. లేకపోతే తెరిచి ఉన్న ప్రింటర్ పోర్టుకు కూడా నిక్, యూజర్ వెళ్తాయి, అది కాగితం మీద అచ్చవుతుంది.

ప్రశ్న: 6667లో వచ్చే వివరాలే 6697లో రావడం లేదు. రెండూ ఒకే సర్వర్.
— పేరు రాయలేదు, గోపాలపట్నం

జవాబు: 6697 టీఎల్‌ఎస్ పోర్టు, 2014లో ఆర్‌ఎఫ్‌సి 7194 దాన్ని అలా ఖాయం చేసింది. అక్కడ తాళం వేసిన మాటలే చెల్లుతాయి, మీరు పచ్చి అక్షరాలు పంపుతున్నారు. కనెక్ట్‌కు మూడో విలువగా ఎస్‌ఎస్‌ఎల్ ఇవ్వండి. ఏది అవసరమో స్క్రిప్టే తేల్చుకోవాలంటే కామ్ లైబ్రరీలోని ట్రైఎస్‌ఎస్‌ఎల్ ఉంది. ఆ పోర్టు మీద ఎస్‌ఎస్‌ఎల్-సర్ట్ స్క్రిప్టు కూడా నడిపి సర్టిఫికెట్ గడువు తేదీ చూసుకోండి. చాట్ సర్వర్ ఒక ఉదయం హఠాత్తుగా అందరినీ బయట నిలబెట్టిందంటే, చాలాసార్లు కారణం ఆ తేదీయే.

ప్రశ్న: మా సర్వర్ స్వాగత పత్రం తెలుగులో పెట్టాం. స్క్రిప్టు ఫలితంలో మాత్రం బ్యాక్‌స్లాష్, ఎక్స్, ఈ-సున్నా అంటూ చెత్త వస్తోంది. కొన్ని లైన్ల చివర అక్షరం విరిగిపోతోంది కూడా.
— గ్రంథాలయ కంప్యూటర్ విభాగం, ద్వారకానగర్

జవాబు: మొదటిది తప్పు కాదు. ఎన్‌మ్యాప్ తెరమీద వేసేముందు సాధారణ ఇంగ్లిష్ అక్షరాల పరిధిలో లేని ప్రతి బైటునూ అలా విడగొట్టి చూపిస్తుంది. ఏదో సర్వర్ పంపిన దొంగ నియంత్రణ గుర్తులు మీ టెర్మినల్‌ను పాడుచేయకుండా ఆ జాగ్రత్త. తెలుగు కూడా ఆ వలలో పడుతోంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, మొదటి బైటు ఎప్పుడూ ఈ-సున్నా. ఫలితాన్ని ఫైలులోకి తీసుకుని, ఆ విడగొట్టిన బైట్లను పైథాన్‌తో మళ్లీ కలిపి యూటీఎఫ్-8గా చదివితే తెలుగు తిరిగొస్తుంది.

అక్షరం విరగడం మాత్రం నిజమైన లోపం, అది సర్వర్ వైపు. విశాఖపట్నం అన్న మాటే తీసుకోండి. కంటికి ఐదక్షరాలు. లోపల గుణింతాలు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కేస్తే 10 గుర్తులు, అంటే 30 బైట్లు. లైనుకు 512 బైట్లలో చివరి రెండూ, సర్వర్ పేరూ, సంఖ్యా, మారుపేరూ పోగా మిగిలేదాంట్లో తెలుగు గుర్తులు 150 పడితే ఎక్కువ. సర్వర్ కోతపెట్టేది బైట్ల లెక్కన, అక్షరం మధ్యలో తెగినా దానికి తెలియదు. స్వాగత పత్రంలో ఒక్కో లైనును 80 బైట్ల లోపు ఉంచండి, 25 గుర్తులన్నమాట. లైన్లు ఎక్కువైనా ఫర్వాలేదు.

మీ స్క్రిప్టులో కూడా ఇదే జాగ్రత్త కావాలి. లువాలో మాట పొడవు గుర్తు బైట్లనే లెక్కపెడుతుంది, స్ట్రింగ్-సబ్ బైట్లనే కోస్తుంది. గుర్తుల లెక్కకు యూటీఎఫ్-8 లైబ్రరీలోని లెన్ వాడండి. విరిగిన అక్షరం ఉంటే అది సంఖ్య బదులు నిల్, ఆ చెడిన బైటు ఎన్నోదో ఇస్తుంది. విరిగిన లైన్లను పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

ప్రశ్న: మా ఆఫీసులో ఈజాబర్‌డి అనే చాట్ సర్వర్ ఉంది. 5222 మీద నేను రాసిన స్క్రిప్టు పూర్తి 30 సెకన్లు ఆగి ఖాళీగా వస్తోంది. ఎన్‌మ్యాప్‌లో ఉన్న ఎక్స్‌ఎంపిపి-ఇన్ఫో హోస్ట్-అన్‌నోన్ అంటోంది. ఐపీ చిరునామా సరైనదే.
— చిన్న సంస్థ యజమాని, సిరిపురం

జవాబు: ఐపీ సరైనదే, పిలిచిన పేరు సరైనది కాదు. ఈజాబర్‌డి మాట్లాడే ఎక్స్‌ఎంపిపి పద్ధతిలో స్ట్రీమ్ (సంభాషణ) తెరిచే మొదటి ట్యాగులోనే టు అనే చోట ఏ డొమైన్‌తో పనో చెప్పాలి. ఒకే మెషీన్ పది డొమైన్లకు సేవ చేయొచ్చు కాబట్టి ఆ పేరు తప్పనిసరి. సర్వర్ తనకు తెలియని పేరు వింటే హోస్ట్-అన్‌నోన్ అని తలుపేస్తుంది. స్క్రిప్ట్-ఆర్గ్స్‌లో ఎక్స్‌ఎంపిపి-ఇన్ఫో, చుక్క, సర్వర్, అండర్‌స్కోర్, నేమ్ అని రాసి, మీ సిబ్బంది చిరునామాల్లో ఎట్ గుర్తు తర్వాత ఉండే డొమైన్ ఇవ్వండి.

మీ స్క్రిప్టు ఆగిపోవడానికి కారణం వేరు. ఐఆర్‌సి అలవాటుతో లైను చివర కోసం చూస్తున్నారు. ఎక్స్‌ఎంఎల్‌కు లైన్లతో పనిలేదు, జవాబంతా ఒకే బారున వచ్చి ఆగుతుంది. రిసీవ్-బఫ్‌కు విభజనగా స్ట్రీమ్-ఫీచర్స్ ముగింపు ట్యాగు ఇవ్వండి. తర్వాత స్టార్ట్-టీఎల్‌ఎస్ అడిగి, ప్రొసీడ్ అని జవాబు వచ్చాక రీకనెక్ట్-ఎస్‌ఎస్‌ఎల్ పిలిచి, స్ట్రీమ్‌ను మళ్లీ మొదటినుంచి తెరవాలి. ఈ రెండోసారి తెరవడం చాలామంది మరిచిపోతారు. తాళం పడకముందు వచ్చే జాబితా, పడ్డాక వచ్చే జాబితా ఒకటి కావు, రెండూ విడిగా దాచండి. మొదటి జాబితాలోనే ప్లెయిన్ అన్న లాగిన్ పద్ధతి కనబడితే మీ సిబ్బంది పాస్‌వర్డులు వైర్ మీద బట్టబయలుగా వెళ్లే అవకాశం ఉన్నట్టే. స్టార్ట్-టీఎల్‌ఎస్‌ను తప్పనిసరి చేయండి.

అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఈజాబర్‌డి ఎర్లాంగ్ భాషలో రాసింది, దానితో పాటు 4369 మీద ఈపిఎండి అనే చిన్న సర్వీసు లేస్తుంది. ఎవరడిగినా నోడ్ పేరు, దాని లోపలి పోర్టు చెప్పేస్తుంది. ఆఫీసు బయటినుంచి 4369, 5280 రెండూ తెరిచి ఉన్నాయేమో చూడండి. ఈజాబర్‌డిసిటిఎల్ కాన్ఫిగ్ ఫైలులో ఈపిఎండి చిరునామాను 127.0.0.1కు కట్టేయండి. 5280లో నిర్వహణ పేజీ ఉంటుంది, దాన్ని ఆఫీసు లోపలికే పరిమితం చేయండి. ఇవి వాయిదా వేసే పనులు కావు.

ప్రశ్న: పెద్ద పబ్లిక్ చాట్ నెట్‌వర్కుల మీద, మా ఇంటి పబ్లిక్ ఐపీ చుట్టుపక్కల చిరునామాల మీద స్క్రిప్టు నడిపి సభ్యుల పేర్లు పోగుచేసి ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. సమాచారం అందరికీ కనబడేదే కదా?
— ఎంసీఏ విద్యార్థి, రుషికొండ

జవాబు: చేయొద్దు. కనబడడం వేరు, కూడబెట్టుకోవడం వేరు. సమాచార సాంకేతిక చట్టం 2000లో 43వ సెక్షన్ అనుమతి లేకుండా కంప్యూటర్లోకి ప్రవేశించడాన్ని, సేవకు అంతరాయం కలిగించడాన్ని తప్పుగా చెబుతుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కీలక నెట్‌వర్కుల మీద గురిపెట్టి చేసే స్కానింగ్‌ను 6 గంటల్లోగా తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు మనది. చిరునామాల పరిధిలో స్లాష్ తర్వాత 24 కొట్టబోయి 16 కొడితే 256 చిరునామాలు కాస్తా 65,536 అవుతాయి.

మీ ఇంటి పబ్లిక్ ఐపీ అనుకుంటున్నది కూడా చాలా కనెక్షన్లలో మీది కాదు. రూటర్‌లో వ్యాన్ చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఒకే పబ్లిక్ ఐపీ వెనక మీతో పాటు ఎందరో ఉన్నారు. మీరు తట్టేది ఇంటర్నెట్ కంపెనీ తలుపు.

ప్రాజెక్టు మానక్కర్లేదు. ఒక పాత ల్యాప్‌టాప్‌లో మూడు వర్చువల్ మెషీన్లు పెట్టండి: ఒకదాంట్లో ఎన్‌జిఐఆర్‌సిడి, ఒకదాంట్లో అన్‌రియల్ ఐఆర్‌సిడి, మూడోదాంట్లో ప్రోసడీ అనే ఎక్స్‌ఎంపిపి సర్వర్. ఈ మూడింటి తేడాలను సరిగ్గా గుర్తుపట్టే స్క్రిప్టు రాస్తే అదే మంచి ప్రాజెక్టు. సభ్యుల పేర్ల బదులు సంఖ్యలే దాచండి. కాలేజీ సర్వర్ మీద చేయాలంటే చిరునామాలు, పోర్టులు, తేదీ, వేళ, ఏదైనా ఆగిపోతే ఫోన్ చేయాల్సిన మనిషి, ఇవన్నీ రాసిన కాగితం మీద విభాగాధిపతి సంతకం తీసుకోండి. నడిపేముందు ఎన్‌మ్యాప్‌ను మైనస్ ఎస్ పెద్ద ఎల్, మైనస్ ఎన్ ఆప్షన్లతో ఒకసారి నడపండి. ఒక్క ప్యాకెట్ కూడా పంపకుండా ఏయే చిరునామాలకు వెళ్లబోతోందో జాబితా ఇస్తుంది. ఆ జాబితాను సంతకం పెట్టిన కాగితంతో లైను లైనుగా సరిచూసుకోండి. ఎన్‌జిఐఆర్‌సిడి ఒకే చిరునామా నుంచి మామూలుగా 5 కనెక్షన్లే ఒప్పుకుంటుంది కాబట్టి, పరీక్షల మధ్య పాత కనెక్షన్‌కు క్విట్ పంపడం మరవకండి. మరిస్తే ఆరోసారి నుంచి సర్వర్ మిమ్మల్ని లోపలికి రానివ్వదు, మీరేమో తప్పు స్క్రిప్టులో వెతుకుతూ కూర్చుంటారు.